పడుడు

చిలకలగూడ సర్కారు బడిల బెంచీలు గోడకు జరిపి
టెంటుహౌసు పాత పరుపుల మీద
నీలం టార్పాలిన్ పరుస్తం, పొద్దుగూకినంక.
పోటీ లేదు. కప్పుల్లేవు, చప్పట్లు లేవు.
జరీనా టీచర్ ఐకిడో అంటది,
మా ఆయన దొర్లుడంటడు.

మొదటి నెలంత పడుడే నేర్పింది.
ఇరవై రెండేండ్ల కండక్టర్ని,
పడుడు నాకు కొత్తనా?
చిల్లర కాడ మాట పడ్డ, డిపోల మాట పడ్డ,
పండ్లు బిగవట్టి, కడ్డీ ఇడ్వకుంట.
"ఇడువు మణెమ్మా,
గదుమ లోపలికి, ఈపు గుండ్రంగ.
నేల నీకు పగదా?"

ఇయ్యాల నా మణికట్టు పట్టింది
టైర్ల దుకాణం పిలగాడు ఐజాక్.
గుంజలే నేను.
వాడు వచ్చే దిక్కే తిరిగిన.
టార్పాలిన్ చప్పుడైంది.
లేచి, వంగి దండం పెట్టి
మల్ల చెయ్యి చాపిండు:
"ఇప్పుడు నువ్వు పడక్కా."

నల్లబోర్డు మీద ఎవరో పోరడు రాసిన ఎక్కం,
ఏడెనిమిదులు యాభై నాలుగు.
ఎవ్వరం తుడ్వలే.

"ఎవరు గెలిచిండ్రు?"
తలుపు తీస్తనే అడిగిండు మా ఆయన, రోజు లెక్కనే.
చాప దులిపి నడింట్ల పరిచిన.
పట్టుకో, అన్న.