సకు కొమ్మిస్తే

పళ్లెంలో బియ్యప్పిండి పరిచి
గచ్చు మీద పెడతాను.
వేలు ముంచవే సుభద్రా అంటే
మోచెయ్యి దాకా ముంచుతుంది.

ఈ గుంటకి నాలుగేళ్లు.
పొద్దున్న అంగన్‌వాడీలో దీదీ దగ్గర ఒక భాష,
సాయంత్రం నా దగ్గర ఇంకోటి,
నడుమ దారంతా
మేకపిల్లలతో మాట్లాడే మూడోది.

నిన్న పిండిలో గుండ్రం గీసి
"ఠొ!" అని అరిచింది.
కాదమ్మా, ఇది సున్న.
"దీదీ ఠొ అంది."
అదీ నిజమే.
మేం పర్లాకిమిడి అనే ఊరిని
బస్టాండు బోర్డు పారళాఖేముండి అంటుంది.
ఊరికే రెండు పేర్లున్నప్పుడు
గుండ్రానికుంటే తప్పేటి?

దానికి చెప్పని సంగతొకటుంది.
నాకూ తెలుగు రాదు.
రాదంటే,
తిట్టడం వచ్చు, చేపల బేరం వచ్చు,
జ్వరమొస్తే పలవరించడం కూడా తెలుగులోనే.
చదవడం రాదు.
కాశీనగరు బడిలో నాకు చెప్పినవన్నీ
గొడుగులేసుకున్న అక్షరాలు.
ఇవి తలకట్టువి.
పాతపట్నం వెళ్లినప్పుడు
ముప్పై రూపాయలకి బొమ్మల వాచకం కొన్నాను,
కొట్టువాడు "పిల్లకా?" అన్నాడు,
"పిల్లకే" అన్నాను.
అది పడుకున్నాక
పొయ్యి గట్టు పక్కన కూచుని
రేపటి అక్షరం ఇవాళే దిద్దుకుంటాను.
ఒక్క రాత్రి ముందుంటాను దానికంటే,
అంతే.

ఆదివారం పెనం మీద
అట్లపిండితో అ వేశాను.
తిరగేస్తే అక్షరం తిరగబడింది.
"అ పడుకుండిపోయింది!" అని
నేల మీద దొర్లి దొర్లి నవ్వి
తోక నుంచి మొదలెట్టి తినేసింది.
ఆ కూడా తిన్నది.
ఇ పెనానికంటుకుపోయింది.
అట్లకాడతో గీకితే
ముక్కలుగా వచ్చింది, అవీ తిన్నది.

చింతపిక్కలతో క పేర్చిన రోజు
ఒక పిక్క ముక్కులోకి పోయింది.
మందుల షాపు దాకా పరుగు.
ఆ రోజు పాఠం లేదు.

ఇవాళ దాని పేరు అడిగింది.
మొదటి అక్షరమే నాకు చిక్కు.
స వరకూ మల్లెల దారంతో తిప్పాను,
ఆ పైన కొమ్ము
కిందకా పక్కకా, ఎటు వంగాలో
రాత్రి చూసిందే, గుర్తులేదు.
"కొమ్మంటే ఏటమ్మా? ఆవుకుంటాదే, అదా?"

అప్పుడే వచ్చాడు బైరాగి,
జుట్టు నిండా కొమ్ము పొడి,
చొక్కా నిండా కాలిన వెంట్రుకల వాసన.
పొద్దస్తమానం కొమ్ము కాచి, వంచి, అరగదీసి
కొంగలకి మెడలు, రొయ్యలకి మీసాలు చేసే మనిషి.
ఏ భాషలోనూ అక్షరమ్ముక్క రాదు,
ఏ వంకరా తప్పుపోదు.
వాచకంలో నా వేలున్న చోట
ఒక్కసారి వంగి చూశాడు.
జేబులోంచి విరిగిన కొంగమెడ తీసి
స పక్కన పెట్టాడు,
గోటితో రవ్వంత జరిపాడు.

సు.

ఇంక దాన్ని పట్టలేకపోయాం.
ఆ ముక్క పుచ్చుకుని ఇల్లంతా తిరిగింది,
పీటకి కొమ్మిచ్చింది, చెంబుకి కొమ్మిచ్చింది,
పిల్లితోక పక్కన పెట్టబోతే
పిల్లి ఒప్పుకోలేదు.
"నాన్నకి కొమ్మిస్తేనో?"
బైరాగు, అన్నాను.
అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నవాడు
పొలమారి దగ్గాడు.
రేపు దీదీ ఠొకి కూడా ఇస్తుందట.

పడుకుంది.
భ ఇంకా రాలేదు నాకు,
ద్ర తలుచుకుంటేనే భయం.
ముందు ఇవాళ్టిది ఇంకోసారి దిద్దుకుందామని
కొంగమెడ కోసం చూస్తే
దాని పిడికిట్లో ఉంది.
ఒక్కో వేలూ విప్పబోయాను.
నిద్రలోనే ఇంకా బిగించింది.

పళ్లెం దగ్గరకి లాక్కున్నాను.
పిండి సదిరి,
చూసి రాయడానికేమీ లేక
నా వేలు నేనే
పక్కకి వంచాను.