నిశానీ

తెడ్డు నూకాలమ్మ, జాలరి, వయసు తెలియదు.
ఇలా మొదలైంది నేను రాసిన వాంగ్మూలం.

కోటవీధి కచేరీలో ఆ వేళ ఉక్క.
యారాడ కొండ మీద మబ్బు, దిగదు, పోదు.
గుమ్మం అవతలే నిలబెట్టాం ఆ అయిదుగురినీ.
ఎండునెత్తళ్ళ వాసన మాత్రం
ఎవరి సెలవూ అడక్కుండా
లోపలికొచ్చి కూచుంది.

ఫిర్యాది వాడపెద్ద అర్జిల్లి కొండయ్య.
వీళ్ళు ఆదివారం అలివి వల లాగరు.
అమ్మోరి పండక్కి గడపకి రెండణాలంటే ఇవ్వరు.
అందుకని కవ్వళ్ళు పడితే వాటా లేదన్నారు,
నూతిలో చేద వెయ్యొద్దన్నారు.
పదకొండు రోజులుగా ఉప్పుటేటి ఒడ్డున
చెలమ తవ్వుకుని తాగుతున్నారట.
"ఉప్పగా ఉండదూ?" అన్నారు మునసబుగారు.
"మాకు తెలీని ఉప్పా బాబూ" అంది.

"నూకాలమ్మ పేరెట్టుకుని
నూకాలమ్మకి చందా ఇవ్వవా?"
కచేరీ అంతా నవ్వింది. నేనూ నవ్వాను, కలం ఆపి.
నవ్వులయ్యేదాకా ఆగి అంది:
"పేరు మాయమ్మెట్టింది. మాయమ్మని నానొగ్గీనేదు."
ఎలా దిద్దాలో తెలీక
అన్నది అన్నట్టే రాశాను.

"ఏ దొర నేర్పాడు నీకీ మతం?"
తెప్ప తిరగబడి మొగుడు పోయిన రాత్రి
తెల్లారేదాకా తనతో కూచున్నది ఎవరో
వెనక్కి తిరిగి చూపించింది.
నలుగురూ తలలు దించుకున్నారు,
దొంగతనం బయటపడ్డట్టు.

సంతకాల వేళ.
కొండయ్యకి అక్షరం రాదు.
ఫిర్యాదు అడుగున నేను వేలుపెట్టి చూపిన చోట
కలాన్ని తెడ్డులా పిడికిట పట్టి
నిలువుగా ఒక గీత, దాని మీద అడ్డంగా ఒకటి.
చదువు రానివాళ్ళంతా పెట్టేదే.
తర్వాత ఆమె, అదే కలంతో.
నిలువుగా ఒకటి. అడ్డంగా ఒకటి.

మునసబుగారు రెండు కాగితాలూ పక్కపక్కన పరిచి
కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.
"ఇందులో ఫిర్యాది ఎవరోయ్?"
నిశానీ పక్కన పేరు రాయడం మరిచాను.
ఇరవై రెండేళ్ళ నౌకరీలో మొదటిసారి.

తీర్పు వాయిదా పడింది.
సిరా ఆరాలని ఇసక చల్లాను, ఊదాను.
ఇంటికెళ్ళి తలారా స్నానం చేశాను, ఎప్పట్లానే.
విస్తరి పక్కన మా ఆవిడ మంచినీళ్ళు పెడితే
చెంబు ఎత్తి, మళ్ళీ దించి,
"ఏ నూతివి?" అన్నాను.