అతుకు చూడు

ఎక్స్‌రే గదిలోకి రాయి తేకూడదని
ఎక్కడా రాసి లేదు.
అందుకే విల్‌ఫ్రెడ్ హేగ్ తెచ్చాడు,
కోటు జేబులో, చేతిరుమాల్లో చుట్టి,
వేరుశనక్కాయల పొట్లంలా.

బార్న్‌స్లీలో నవంబరు. మధ్యాహ్నం మూడు దాటింది,
కిటికీలో అప్పుడే దీపాలు.

"గట్టిగా పీల్చండి, ఆపండి."
రోజుకు నలభైసార్లు అనే మాట.
పీల్చాడు. ఆపలేకపోయాడు.
మళ్ళీ తీశాం.

చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకుంటూ
నా బల్ల మీద రాయి విప్పాడు.
రెండు చెక్కలు.
ఒకదాంట్లో ఆకు, ఇంకోదాంట్లో దాని అచ్చు.
"ఏంటిది, చెప్పు?"

ఫెర్న్, అన్నాను.
అందరూ అంతే అంటారని నవ్వాడు,
నవ్వు మధ్యలో దగ్గొచ్చింది,
దగ్గంతా దగ్గి
నవ్వు వదిలిన చోటే మళ్ళీ అందుకున్నాడు.
"వేషం ఫెర్నుది. ఇది గింజలు కాసే మొక్క.
ఆకును చూసి మోసపోకమ్మాయ్,
అతుకు చూడు."

ఆ తర్వాత మూడు నెలలకోసారి
ఛాతీతోపాటు ఒక రాయి.

చిట్టాకు కాడకు ఒక్క చుక్క దగ్గరే
చెవికి బుట్టకమ్మలా వేలాడితే న్యూరోప్టెరిస్.
అడుగంతా పరుచుకుని
గోడకు కొట్టిన పిడకలా కరుచుకుంటే అలెథోప్టెరిస్.
నడిమి ఈనె కొసదాకా నడుస్తుందా,
సగం దారిలో చెదిరిపోతుందా?
అతను లాటిన్‌ను యార్క్‌షైర్ యాసలో చెప్పేవాడు,
నేను తెలుగులో రాసుకునేదాన్ని,
పాత అపాయింట్‌మెంటు కాగితాల వెనక.

సీతాఫలం తోలులాంటి బెరడు తెచ్చాడొకసారి.
పాము చర్మమని చెప్పి
వాళ్ళ ముత్తాత సంతలో పెన్నీకొకరికి చూపించాడట.
ఇంకోసారి ఆటలమ్మ మచ్చలున్న వేరు.
రెండూ ఒకే జాతి చెట్టువి కావచ్చు.
విడివిడిగా దొరికాయి కనక
బెరడుకొక పేరు, వేరుకొక పేరు, కంకికి మరొకటి.
దొరికినదానికల్లా బాప్టిజం ఇచ్చారన్నాడు,
నాకు బారసాల అని వినిపించింది.

ఎక్కడివి ఇవన్నీ?

గని మూసేశాక బొగ్గు తిప్ప మీద మట్టి కప్పి గడ్డి నాటారు.
కుందేళ్ళు బొరియలు తవ్వి
రాళ్ళను బయటికి నెడుతున్నాయి.
"ఇప్పుడు షిఫ్టు వాటిది. నేను ఏరుకుంటాను, అంతే."

లోపల పనిచేసిన రోజుల్లో పైకప్పు నిండా ఆకులేనట.
దీపం తిప్పినవైపల్లా అడవి.
తలెత్తి చూస్తూ నిలబడితే ఫోర్‌మన్ తిట్టేవాడట.
ఇరవై ఆరేళ్ళు తిట్లు తిన్నానన్నాడు,
ఇంక్రిమెంటు గురించి చెప్పినట్టు.

నిన్న తెర మీద అతని ఊపిరితిత్తులు.
తలకిందుల చెట్టు, కొమ్మలు, రెమ్మలు.
పై కొమ్మల్లో తెల్లటి గింజలు.
తీయడం వరకే నా పని,
చదివేవాళ్ళు పై అంతస్తులో ఉంటారు.
అది చెప్పేలోపే కళ్ళజోడు తుడుచుకుని వంగాడు,
రాయి మీద వంగినట్టే,
పక్కనుంచి వెలుగు పడేలా తల వాల్చి.

చాలాసేపు.

"ముప్పై కోట్ల ఏళ్ళు రాయిని పట్టుకుని ఉంది.
నేను విడిపించాననుకున్నాను.
ఎక్కడ అతుక్కుందో చూడు."

ఏమనాలో తెలీక
చొక్కా అందించాను.
ఈసారి గుండీలు సరిగ్గానే పెట్టుకున్నాడు.

అతను వెళ్ళాక చూస్తే బల్ల మీద రాయి,
ఒక చెక్కే ఉంది, అచ్చున్నది.
వేలితో తడిమాను. ఈనెలు గుంటలుగా తగులుతున్నాయి.
కాడ దగ్గర రాయి విరిగిపోయింది,
అతుకు ఈ సగంలో లేదు.

దాన్ని దూది పెట్టెలో పెట్టి మూత మీద రాశాను:
హేగ్, డబ్ల్యు. పేరు తేలలేదు.
మిగతా సగం ఫిబ్రవరి పన్నెండు,
ఉదయం పదీ ముప్పావుకి.