తాళంచెవి

మా నాయిన దాన్ని తాళంచెయ్యి అనేటోడు.
బడి పుస్తకంల తాళంచెవి అని ఉండె.
రెంటికీ ఏం తేడానో తెల్వకుండనే
ట్రూప్ బజార్‌ల ఆకురాయి పట్టుకొని కూసున్న.

చెయ్యే నిజమనిపించేది.
ఇత్తడి ముక్కను బిగించి, పండ్లు తీసి,
తాళం కడుపుల పెట్టి తిప్పితే
లోపల ఎవరో చెయ్యి కలిపినట్టు ఒక టిక్కు.
ఆ టిక్కు కోసమే ముప్పై ఆరేండ్లు.

మొన్న మంగళారం ఒక డాక్టరమ్మ వచ్చింది.
నీలోత్పల అట పేరు, ఉండేది నల్లగండ్ల,
ఆపరేషన్లప్పుడు మత్తిచ్చే డాక్టరు.
కారు పోయింది. రెండు తాళాలూ చేతులనే ఉన్నయి.
"ఇన్సూరెన్సోళ్లు నమ్ముతలేరు చారిగారూ,
దీనికి నకలు తీయలేదని మీరు రాసియ్యాలె."

భూతద్దం పెట్టిన.
ఏం చూస్త? పండ్లు లేవు, గాట్లు లేవు.
సబ్బుల అచ్చు తీస్తే మూలలకు తెల్లగ ఇరుక్కుంటది,
మైనమైతే వాసనే పట్టిస్తది.
ఇది నున్నటి నల్ల గులకరాయి.
ఏమడిగినా నోరిప్పలే.

ఫోన్‌ల వీడియో చూపించింది.
రాత్రి మూడు దాటి పదకొండు నిమిషాలు.
ఇద్దరు పోరగాళ్లు.
ఒకడు బండి పక్కన నిలబడ్డడు.
ఇంకొకడు సంచి ఒకటి ఎదకు తగిలించుకొని
గోడ పొంటి మెల్లగ నడుస్తున్నడు,
పసిబిడ్డను జోకొట్టినట్టు.

తలుపెనక, చెప్పుల స్టాండు మీది కొక్కేనికి తాళం.
"ఉన్నవా?" అని కారు అడుగుతదట.
ఆ మాట రెండు మూడడుగులు పోయి ఆగిపోవాలె.
సంచి దాన్ని గోడ దాటించింది.
"ఉన్న" అన్నది లోపల తాళం, నిద్రల పలికినట్టు.
సంచి ఆ పలుకును మోసుకొచ్చి
కారు చెవుల పోసింది.

లైట్లు రెండుసార్లు మిటకరించినయి.
అద్దాలు విప్పుకున్నయి, పిట్ట రెక్కలు సర్దుకున్నట్టు.
పగిలింది లేదు, కుక్క మొరిగింది లేదు.
అమ్మ వచ్చిందనుకొని కారు
సీటు కూడ ఆమె ఎత్తుకే జరిపి ఉంటది.
పొడుగు పోరడు, మోకాళ్లు తగిలి
తిట్టుకుంటనే ఎనకకు జరుపుకున్నడో ఏమో.

అప్పుడు తెలిసింది చెవి అంటే ఏందో.
చెయ్యికి చెయ్యి తగలాలె.
చెవికి అట్ల కాదు.
చెప్పుడు మాటలకు చెడిన కాపురాలు చూసిన గని
చెప్పుడు మాట విని లేచిపోయిన కారును
ఇదే చూసుడు.

శామీర్‌పేట దగ్గర రింగు రోడ్డు దిగిందాక
యాప్‌ల చుక్క కదిలిందట.
అటెనక సిమ్ము పీకేసిన్రు.

మా నాయిన పెట్టిన రిజిస్టరు ఇంకా నడుస్తనే ఉన్నది.
నకలు తీయించుకున్నోళ్ల పేరు, గల్లీ, సంతకం.
సంతకం లేనిది ఆకురాయి ముట్టొద్దనేటోడు.
ఆ ఇద్దరూ ఎవల దగ్గర సంతకం పెట్టిన్రు?

"నకలు తీసిన గుర్తు కనబడలేదు" అని రాసిచ్చిన.
అబద్ధం కాదు.
పోయింది నకలుతోని కాదు గద, అసలుతోనే.
అసలు గొంతే, వేరేటోని సంచిల.
కాని ఇన్సూరెన్సు కాయితంల
అట్ల రాసే గడి లేదు.

"మా ఆయనకింకో కారుంది, దానికేం చెయ్యాలె?"
ఉస్మానియా బిస్కెట్లు పేపర్ల పోసి
రేకు డబ్బా చేతికిచ్చిన.
"తాళం ఇండ్ల పెట్టి మూత బిగించి
బండి పక్కనే నిలబడి చూడున్రి.
తలుపు తెరుసుకుంటే డబ్బా మార్చున్రి."
ఇరవై రెండు లక్షల కారు, అన్నది.
నవ్వింది. నవ్వు మధ్యలనే ఆగింది.
పైసలు తీసుకోలే. తాళం చేస్తే గద.

మెట్లు దిగుతూ, అలవాటు చొప్పున,
పోయిన కారు తాళం నొక్కింది.
ఎర్ర చుక్క వెలిగింది.
రోడ్డు మీద ఆటోలు, కోఠి బస్సు,
బత్తాయిల తోపుడు బండి.
ఆమె తలెత్తి చూసింది, అరక్షణం,
ఏదన్న ఒకటి పలుకుతదేమో అని.

నేను కూడ చూసిన.