సగం టికెట్

ఎగ్మూరు మ్యూజియంలో కంచు గది దాకా
హవిష పిడికిట్లోనే ఉంది
చించి ఇచ్చిన టికెట్ ముక్క.

నటరాజు కాలికింద నలుగుతున్నవాణ్ణి
ధీమంత్ నేలమీద బోర్లాపడి పలకరించాడు:
"బరువుగా ఉన్నాడా?"

అమరావతి రాళ్ళ దగ్గర
మనవేనర్రా ఇవి, గుంటూరు వైపు నుంచి వచ్చాయి
అని నేను అందుకున్నానో లేదో
"మరి ఇంటికెప్పుడెళ్తాయి?"

బోర్డు మొత్తం చదివాను.
అందులో లేదు.

ముక్కు పోయిన ఓ రాతి ఆడమనిషి ముందు
హవిష తన ముక్కు తడుముకుంది.
చెమటకి మెత్తబడ్డ టికెట్
ఆవిడ పాదాల దగ్గర పెట్టి
"బస్సుకి" అంది.

"తొడాదే పాపా!"
పరిగెత్తుకొచ్చిన కాపలాదారు
ముక్క తీసి చూశాడు,
మమ్మల్ని చూశాడు,
ఉన్నచోటే పెట్టేశాడు.