రోడ్డుకి అవతల

ఇల్లు కట్టి చూడమన్న పెద్దలు
కొని చూడమని ఎందుకు అనలేదో
నాకు మార్చి నెలలో తెలిసింది.

నేను కెరెన్జాని.
ట్రెవెన్నిక్ నుంచి సముద్రం దాకా
రోజుకి ఏడు ట్రిప్పులు బస్సు తోలుతాను.
పంతొమ్మిదేళ్ళు తోలిన దూరమంతా చుట్టచుట్టి
రెండు గదులు, ఒక ఇరుకు మెట్లదారి,
దుప్పటి ఆరేస్తే నిండిపోయే పెరడు
కొనబోతున్నాను.
ఒకప్పుడు కార్న్‌వాల్ తగరం గనివాళ్ళు కట్టుకున్న రాతి ఇళ్ళ వరుసలో
చివరి నుంచి మూడోది.

ఫోన్లో దొరికిన లాయరు చవక.
మూడు వందల మైళ్ళ అవతల ఎక్కడో ఆఫీసు.
నా కాల్ వాళ్ళకి ఎంతో ముఖ్యమని
ఇరవై రెండు నిమిషాలు వయొలిన్ వాయించారు.
ఆ తర్వాత ఒక కుర్రాడు
"మేడమ్, ఊరి పేరు ఒక్కొక్క అక్షరం చెప్పండి" అన్నాడు.
చెప్పాను.
మర్నాడు ఇంకో కుర్రాడికి మళ్ళీ మొదటి అక్షరం నుంచి.

డిపోలో టీ తాగుతూ జాగో అన్నాడు:
"ఇక్కడి నేల కింద ఏముందో ఎరగనివాడి చేతిలో
నీ నేల పెడతావా?"

నాన్‌కారో గారి ఆఫీసు
చెప్పులు కుట్టే షాపు మీద మేడ.
మెట్లెక్కుతుంటే జిగురు వాసన.
పైన ముసలాయన, గులాబీ నాడాలు కట్టిన కాగితాలు,
చలికి మూతి ముడుచుకున్న పిల్లి.
వీధి పేరు చెప్పాను.
ఇంటి నంబరు చెప్పాను.
కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"అమ్మేవాళ్ళ తరఫున నేనున్నాను తల్లీ.
రెండు పక్కలా ఒకే మనిషి కూర్చోకూడదు.
రోడ్డు దాటు. ఎదుటి మేడ, ట్రెగెంజా.
తొమ్మిదేళ్ళుగా మా ఇద్దరికీ మాటల్లేవు,
జానెడు గోడ దగ్గర నన్ను ఓడించింది.
చివరి పేజీ దాకా చదువుతుంది.
చదివాక మళ్ళీ మొదటి పేజీకి వస్తుంది."

శత్రువు ఇచ్చే సర్టిఫికెట్టుకి
ముద్ర అక్కర్లేదు కదా.

ట్రెగెంజా నవ్వదు.
గోడ మీది పాత గనుల పటం దగ్గరికి నన్ను లాక్కెళ్ళి
ఒక చుక్క మీద గోరు పెట్టింది.
నా వంటిల్లు కాబోయే చోట
ఒక గనిబావి.
"పూడ్చారంటారు. ఎవరు? ఎప్పుడు? దేనితో?"
ఆ మూడు ప్రశ్నలూ ఉత్తరమై బయల్దేరాయి.

ఎదురెదురు కిటికీల మధ్య ఇరవై అడుగులు.
ఉత్తరం మాత్రం పోస్టు సంచిలో ఎక్సెటర్ దాకా వెళ్ళి
ముద్ర వేయించుకుని, రెండు రోజులకి
చెప్పుల షాపు మెట్లెక్కేది.
జవాబూ అంతే.
వాటిలో కొన్ని నా బస్సు వెనకే వచ్చి ఉంటాయి.

ఏప్రిల్ పోయింది. మే పోయింది.
ఇంజనీరు వచ్చి నేలకి కన్నం వేసి
లోపలి చీకటిని కొలిచాడు.
అమ్మేవాళ్ళు కాంక్రీటు పోయించారు,
ధరలో నాలుగు వేలు తగ్గించారు.
చవక కుర్రాళ్ళు నన్నింకా అడుగుతూనే ఉన్నారు
వాళ్ళ సేవకి ఎన్ని నక్షత్రాలిస్తానని.

జూన్‌లో ఒక శుక్రవారం
బ్యాంకు లైన్లు మొరాయించాయి.
పన్నెండైంది. ఒంటిగంటైంది.
వీధిలో నా సామాను వ్యాను తడుస్తోంది.
ట్రెగెంజా గడియారం చూసింది, కిటికీ చూసింది,
ఫోనెత్తి, కాగితం చూడకుండా నంబరు నొక్కింది.

ఎదుటి మేడలో ముసలాయన ఫోనెత్తడం
నాకు వానలోంచి కనిపించింది.
"చేరిందా?"
"ఇప్పుడే. తాళాలు ఇమ్మంటాను."
కాస్త ఆగి,
"నీ దగ్గు తగ్గిందా, వెన్నా?"
ఆమె జవాబు చెప్పకుండా పెట్టేసింది.
పెట్టేసి దగ్గింది.

బిల్లు నిన్న వచ్చింది.
నాన్‌కారోకి రాసిన ఉత్తరాలు ముప్పై ఒకటి,
స్టాంపులతో సహా లెక్క సరిపోయింది.
ఫోను: ఒకటి.
దాని ఎదురుగా
ఏ అంకే వేయలేదు.