తరుగు

పగలు బెల్లం మండీలో కాటా కాడ కూచుంటా.
రాత్రి కొంగారెడ్డిపల్లిలో, టైర్ల షాపు మిద్దెపైన
రెండు పూల్ టేబుళ్ళ నడుమ
ప్లాస్టిక్ కుర్చీ వేసుకోని
మనుషులకు అంకెలేస్తా.

మంగళవారం లీగు. ఆరు జట్లు.
నోటుబుక్కులో ప్రతి పేరు పక్కనా ఒక అంకె,
రెండు నించి ఏడు దాకా.
ఏడున్నోడు ఏడాటలు గెలవాల,
రెండున్నోడికి రెండు చాలు.
చిన్నోడికీ పెద్దోడికీ సమానమైన పోటీ అని
మొదటి పేజీలో నేనే రాసినా, ఎర్ర సిరాతో.

మండీలో మాకొక మాట ఉండాది: తరుగు.
దిమ్మె తడిగా ఉంటే బస్తాకింత అని కొట్టేస్తాం.
రైతు గొణుగుతాడు, మేం వినం.
ఆరినాక ఎంత తగ్గుతాదో ఎవురు చూసినారు?
అందాజుకు పెట్టుకున్న పేరు అది.

ఖాదర్‌వలీది గుజ్జు ఫ్యాక్టరీలో పని.
జూన్ వస్తే తోతాపురి సొన
వేళ్ళ సందుల్లో పొక్కులు లేపుతాది.
గుడ్డపేలిక చుట్టుకోని క్యూ పట్టినాడు, వరసగా ఓడినాడు.
మార్చిలో అయిదు, ఆగస్టుకు మూడు.
సెప్టెంబర్లో పొక్కులు మానినాయి,
నా బుక్కులో మానలేదు.
మూడుతో వచ్చి అయిదాట ఆడి
కప్పు ఎత్తుకోని పోయినాడు.
దొంగ అన్నారు.
ఎవురు దొంగ, చేయా, మామిడికాయా, నేనా?

దొరవేలు సంగతి వేరు.
ఎనిమిదో బంతి గుంత నోట్లో కూచోనుంటాది,
ఊదినా పడేట్టు.
సుద్ద పూస్తాడు, ఒంగుతాడు, ఊపిరి బిగబడతాడు,
వెంట్రుకవాసిలో తప్పిస్తాడు.
ఛ, అంటాడు.
ఆ ఛ మాత్రం శానా బాగుంటాది.
నేను ఓటమి అని రాసుకుంటా.
ఛ రాసేదానికి బుక్కులో గడి లేదు.

హంసవేణి వచ్చిన రోజు వాన.
రెండో డిపోలో కండక్టరు,
ఖాకీ చొక్కా మార్చుకోకుండానే మెట్లెక్కింది.
కొత్త మగోళ్ళకు నాలుగు, ఆడోళ్ళకు రెండు, మా రూలు.
ఎవురు పెట్టినారని అడగొద్దు,
మొదటి పేజీ ఎవురు రాసినారో చెప్పినా కదా.
మొగిలి ఘాటు మలుపుల్లో
నిలబడి చిల్లర లెక్కపెట్టే మనిషికి
కదలని టేబులు ఒక లెక్కా?
పది నిమిషాల్లో రెండాటలు గెలిచి
టీ ఉందా అనింది.

మూడు వారాలు ఓర్చుకున్నారు. నాలుగో వారం గోల.
"అన్నా, ఆమెది రెండు కాదు, ఇది మోసం."
రెండు ఆమె అడిగి తీసుకున్నట్టు.

అయిదు చేసినా. మళ్ళీ ఆరు చేసినా.
అప్పుడు సగం గెలిచింది, సగం ఓడింది.
"ఇప్పుడు సరిపోయింది" అన్నారు అందరూ,
దొరవేలు అందరికన్నా గట్టిగా.
మనిషిని సగానికి తెచ్చిందాకా
ముల్లు నిలబడదు కాబోలు.

ఒక రాత్రి షట్టరు సగం దించినాక అడిగింది,
"అన్నా, మీ అంకెంత?"
రెండు.
"ఎన్నాళ్ళుగా?"
పదకొండేళ్ళు.
"ఎవురేసినారు?"
నేను తాళంచెవి వెతుక్కున్నా, చేతిలోనే ఉండాది.
ఆమె నవ్వలేదు. బంతులు పేర్చింది.
"రాండి, ఆడండి. రాయొద్దు."

ఆడినాం. కింద టైర్ల షాపు కుక్క ఒకటే అరుపు.
నావి మూడు మిగిలినాయి,
ఆమెకు ఎనిమిది ఒక్కటే, గుంత నోట్లోనే.
ఒంగింది. తప్పింది.
ఛ అనలేదు.
క్యూ గోడకానించి, బ్యాగు తగిలించుకోని,
ఫస్టు బస్సుండాది అని దిగిపోయింది.

తప్పిందో, తప్పించిందో.

పొద్దున మండీలో తొలి బండి వచ్చింది.
సరుకు ఎక్కించే ముందు వట్టి కాటా చూసుకోవాల,
ముల్లు సున్నా మీద ఉందా లేదా అని.
రోజూ చూసేదే.
ఆ పొద్దు శానాసేపు చూస్తా ఉండిపోయినా.
వెనక హమాలీ, బస్తా నెత్తిన పెట్టుకోని,
"ఏమబ్బా, దించేదా వద్దా?" అంటా ఉండాడు.